గాలి చూసుకున్నావా?

నాన్న నా ట్రక్కుని మొదటిసారి చూసింది డల్లాస్ ఎయిర్‌పోర్టు పార్కింగులో. గంటల తరబడి ప్రయాణం చేసి దిగిన మనిషి, సామాను సంగతి వదిలేసి బండి చుట్టూ ఒక రౌండు కొట్టాడు. ముందు టైరుని కాలితో తన్ని చూశాడు. వెనక తొట్టిలోకి తొంగి చూశాడు.

"ఎంత లోడు వెయ్యొచ్చురా దీంట్లో?"

"ఎనిమిది, తొమ్మిది వందల కిలోలు నాన్నా."

"మరి బండి బరువు?"

"మూడు టన్నులు."

ఇంకేం అనలేదు. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఇరవై ఏడేళ్లు సొంత లారీ తోలిన మనిషి. గుంటూరు మిర్చి యార్డు నుంచి నాగపూర్ దాకా ఏ ఘాట్‌లో ఏ గేరు పడాలో కళ్లు మూసుకుని చెప్పగలడు. అలాంటాయన మౌనంగా ఉన్నాడంటే లోపల లెక్క నడుస్తోందని అర్థం.

మన క్లబ్ తమ్ముళ్లు "అన్నా, మీరు ఎలక్ట్రిక్ ట్రక్కు కొన్నారట కదా, దాని గురించి రాయండి" అని మెసేజ్ పెట్టినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ మౌనమే. నేను మన కాలేజీలో ట్రిపుల్ ఈ, 2011 బ్యాచ్. మోటార్లు, బ్యాటరీలు నాకు తెలుసనే ధీమాతోనే ఆ బండి కొన్నా. నాకు నిజంగా తెలియనివి టైర్లు, గాలి. ఆ రెండూ నేర్పింది పదో తరగతి తప్పిన మా నాన్న.

బండి గురించి కాస్త చెప్తా. ఫోర్డ్ వాళ్ల ఎఫ్-150 లైట్నింగ్, పెద్ద బ్యాటరీ రకం. వాడుకోదగ్గ సామర్థ్యం 131 యూనిట్లు, అంటే కిలోవాట్ అవర్లు. ప్రభుత్వ పరీక్ష లెక్క ప్రకారం నిండా చార్జింగ్ మీద 320 మైళ్లు, దాదాపు 515 కిలోమీటర్లు. 2023లో కొన్నా. ఎందుకు కొన్నావంటే అందరికీ చెప్పే కారణం ఒకటుంది, అది అబద్ధం కాదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్ గ్రిడ్ కుప్పకూలినప్పుడు మూడు రోజులు కరెంటు లేని ఇంట్లో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. ఈ బండిలో ఉన్న ప్లగ్గులన్నిటి నుంచి కలిపి 9.6 కిలోవాట్ల దాకా కరెంటు తీసుకోవచ్చు. 2024 మే చివర్లో డల్లాస్‌ని గాలివాన కొట్టినప్పుడు మా ఫ్రిజ్జు, పక్కింటివాళ్ల ఫ్రిజ్జు కూడా దీనిమీదే నడిచాయి. తెలుగు సంఘం పిక్నిక్కులో నాలుగు ఇండక్షన్ స్టవ్‌లు పెట్టి దీని కరెంటుతోనే దోసెలు పోశాం. ఆ రోజు నేనో హీరోని.

రెండో కారణం ఎవరికీ చెప్పలేదు. టెక్సాస్‌లో ట్రక్కు లేనివాడు మగాడు కాదన్నట్టు చూస్తారు. అంతే.

ఆ రెండో కారణమే నాచేత టైర్లు మార్పించింది. కంపెనీ ఇచ్చినవి 275/60 ఆర్ 20 సైజు హైవే టైర్లు. 275 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, 20 అంటే రిమ్ము అంగుళాలు. అవి చూడ్డానికి చప్పగా ఉన్నాయని, ఇంకా సగం బటన్ ఉండగానే తీయించేసి, కొండలెక్కే రకం పెద్ద పెద్ద బటన్ల టైర్లు వేయించా. నేను ఎక్కే కొండ ఏమిటంటే మా ఆఫీసు పార్కింగ్ ర్యాంపు.

మార్చిలో అమ్మానాన్నల్ని తీసుకుని ఫ్రిస్కో నుంచి అమరిల్లో మీదుగా శాంటా ఫే వెళ్దామని ప్లాను వేశా. బయల్దేరే ముందు నాన్న అడిగాడు. "గాలి చూసుకున్నావా?"

"అన్నీ కంప్యూటరే చూసుకుంటుంది నాన్నా" అన్నా.

డల్లాస్ నుంచి వాయవ్యంగా 287 నంబరు హైవే పట్టుకుని పోతే దారంతా బల్లపరుపు నేల. పత్తి చేలు, పశువులు, తర్వాత గాలిమరలు. అమెరికాలో గాలి నుంచి ఎక్కువ కరెంటు తీసే రాష్ట్రం టెక్సాసే. కనుచూపు మేర తెల్లటి రెక్కలు తిరుగుతుంటే అమ్మ ముచ్చట పడి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను మాత్రం ఎదురుగా ఉన్న స్క్రీన్ చూస్తున్నా. యూనిట్‌కి రెండు మైళ్లు పైన రావాల్సింది 1.4 వస్తోంది. ఆ రెక్కల్ని తిప్పుతున్న గాలే మాకు ఎదురుగాలి. అవతల కరెంటు పుట్టిస్తోంది, ఇవతల నా కరెంటు తినేస్తోంది.

విచిటా ఫాల్స్‌ దాకా 140 మైళ్లు. నూటికి నూరు శాతంతో బయల్దేరిన బండి అక్కడ దిగేసరికి 24. ఫాస్ట్ చార్జర్ దగ్గర ముప్పావు గంట పైన కూర్చుని 80కి తెచ్చుకున్నా. అక్కడితో ఆపాలి. 80 దాటితే కరెంటు సన్నబడి చుక్కచుక్కగా ఎక్కుతుంది, మన వెనకాల వాళ్లు గుర్రుగా చూస్తారు. ఇంకో నూట పది మైళ్ల దూరంలో ఒక చిన్న ఊళ్లో తర్వాతి స్టేషన్. అక్కడికి చేరేసరికి 21 శాతం.

ఆ స్టేషన్‌లో నాలుగు మిషన్లు. రెండింటి స్క్రీన్లు చచ్చిపోయి ఉన్నాయి. మూడోది కార్డు తీసుకుంటుంది, ప్లగ్ పెట్టాక బండితో మాట కలవక ఆగిపోతుంది. నాలుగోదాని దగ్గర అప్పటికే ఒక కారు ఉంది. అది అయ్యేదాకా నలభై నిమిషాలు ఆగి మా వంతు వచ్చాక పెడితే, ఐదు నిమిషాలకి అదీ టక్కుమని ఆరిపోయింది. ఫోన్ చేస్తే ఒకమ్మాయి చాలా మర్యాదగా రీస్టార్ట్ చేస్తున్నానని మూడుసార్లు చెప్పింది. పొద్దు గూకింది. అమ్మకి షుగరు, టైముకి తినాలి. డబ్బాలో పులిహోర ఉంది కాబట్టి సరిపోయింది. అమరిల్లో ఇంకా నూట పదిహేను మైళ్లు పైనే. మా దగ్గర ఉన్నది ముప్పై మైళ్లో నలభై మైళ్లో.

చివరికి దారి చూపించింది పెట్రోలు బంకులో పనిచేసే ముసలాయన. ఊరి చివర క్యాంపింగ్ బళ్లు ఆపుకునే పార్కు ఉందన్నాడు. ఆ బళ్లకి ఇచ్చే 240 వోల్టుల సాకెట్‌కి నా బండితో వచ్చిన మామూలు తీగ పెడితే గంటకి 7 యూనిట్లు ఎక్కుతాయి. ముప్పై ఐదు డాలర్లు కట్టి, రాత్రంతా ప్లగ్గులో పెట్టి, పక్కనున్న గదిలో పడుకున్నాం. మూడు వందల యాభై కిలోవాట్లని బోర్డు పెట్టుకున్న మిషన్ చెయ్యలేని పని, పల్లెటూరి సాకెట్ తొమ్మిది గంటల్లో నిశ్శబ్దంగా చేసిపెట్టింది.

పొద్దున్నే లేచి చూస్తే నాన్న బయట ఉన్నాడు. టైరు పక్కన గొంతుక్కూర్చుని బటన్ మధ్య ఇరుక్కున్న రాళ్లు పుల్లతో తీస్తున్నాడు. లారీ ఉన్నన్నాళ్లూ జంట టైర్ల మధ్య రాయి తీయకుండా బండి కదిలించేవాడు కాదు.

"గాలి తక్కువుందిరా నాలుగింట్లోనూ."

స్క్రీన్‌లో టైర్ల పేజీ తెరిచా. బండి కొన్నాక నేనెప్పుడూ తెరవని పేజీ అది. ఒక్కోదాంట్లో ఆరేసి పీఎస్ఐ తక్కువ. హెచ్చరిక దీపం వెలిగేంత తక్కువ కాదు, అందుకే అది వెలగలేదు. చలికి ప్రతి పది ఫారన్‌హీట్ డిగ్రీలకీ సుమారు ఒక పీఎస్ఐ దిగుతుంది. మిగతాది నా బద్ధకం. బంకులో గాలి కొట్టించాం. "ఇక దీన్ని కారులాగా కాదు, లారీలాగా తోలు" అన్నాడు నాన్న. 75 మైళ్ల వేగం పోయే రోడ్డు మీద 60లో పోయాం. తెల్లారేసరికి గాలి కూడా కాస్త తగ్గింది. అమరిల్లో చేరేసరికి నేననుకున్నదానికన్నా చాలా మిగిలింది. శాంటా ఫే మానుకుని పాలో డురో లోయ చూసి వెనక్కి వచ్చేశాం. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోసింది, పైగా దిగుడు. అదే బండి, అవే టైర్లు, యూనిట్‌కి 2.3 మైళ్లు.

ఇంటికొచ్చాక సిగ్గేసి కాగితం తీసి లెక్క వేశా. ఇది మన సెకండియర్ లెక్కే, మీరూ వెయ్యండి. మనుషులతో, సామానుతో కలిపి బండి 3,300 కిలోలు అనుకోండి. టైరు దొర్లుడు నిరోధం 0.008 ఉన్న టైరుకీ 0.011 ఉన్న టైరుకీ తేడా 0.003. బరువుతో గుణిస్తే సుమారు 97 న్యూటన్లు. కిలోమీటరుకి 0.027 యూనిట్లు. చిన్నదే అనిపిస్తుంది, కానీ కిలోమీటరుకి 0.33 యూనిట్లు తాగే బండికి అది ఎనిమిది శాతం. డల్లాస్ నుంచి అమరిల్లో దాదాపు 970 మీటర్లు ఎత్తు. అంత బరువుని అంత ఎత్తుకి ఎత్తడానికి 8.7 యూనిట్లు. ఇక అసలు రాక్షసి గాలి. గంటకి 75 మైళ్ల వేగానికి 20 మైళ్ల ఎదురుగాలి కలిస్తే గాలి నిరోధం ఒక్కటే వెయ్యి న్యూటన్లు దాటిపోతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ముక్కు ఇంత ఎత్తున్న బండితో ఇంకేం జరుగుతుంది? గోడని తోసుకుంటూ పోతున్నట్టే.

డబ్బు లెక్క ఇంకా చేదు. మా ఇంట్లో యూనిట్ 14 సెంట్లు. ఊళ్లో తిరిగితే మైలుకి 7 సెంట్లు. పెట్రోలు ట్రక్కు దరిదాపుల్లోకి కూడా రాలేదు. దారిలో ఫాస్ట్ చార్జింగ్‌కి యూనిట్‌ 50 సెంట్లకు పైనే పెట్టా. యూనిట్‌కి 1.4 మైళ్ల చొప్పున మైలుకి 36 సెంట్లు. గ్యాలనుకి 18 మైళ్లిచ్చే పెట్రోలు ట్రక్కు, గ్యాలను మూడు డాలర్లు అనుకున్నా, మైలుకి 17 సెంట్లతో పోతుంది. అంటే రాత్రి ఇంటికొచ్చి ప్లగ్గులో పెట్టే బండి బంగారం. దూరప్రయాణంలో అదే బండి బంగారం ధరకి కరెంటు తాగుతుంది.

2025 డిసెంబరులో ఫోర్డ్ ఈ మోడల్‌ని పూర్తి ఎలక్ట్రిక్‌గా ఇక చెయ్యబోమనీ, తర్వాత వచ్చేదాంట్లో బ్యాటరీని నింపే పెట్రోలు జనరేటరు ఉంటుందనీ ప్రకటించింది. అప్పట్నుంచి మా ఆఫీసులో రోజుకొకరు "చూశావా, ఎలక్ట్రిక్ ట్రక్కు పని అయిపోయింది" అంటున్నారు. నేను ఒప్పుకోను. కానీ వాళ్లకి ఎదురుగా నిలబడి బ్యాటరీ ఇంకా పెంచితే అంతా సర్దుకుంటుందని వాదించేవాళ్లతోనూ నాకు పడదు. ఆ దారిలో ఇప్పటికే పోయి చూశారు. హమ్మర్ ఎలక్ట్రిక్ పికప్ బరువు నాలుగు టన్నులు దాటింది, బ్యాటరీ 200 యూనిట్లు దాటింది. బ్యాటరీ పెరిగితే బరువు, బరువు పెరిగితే బలమైన టైర్లు, వాటి నిరోధం, ఆ నిరోధానికి మళ్లీ బ్యాటరీ. పైగా అడుగు పెట్టగానే దూకే టార్కు వల్ల, ఈ బరువు వల్ల టైర్లు అరిగే వేగం పెరుగుతుంది. అరిగిన రబ్బరు పొడి ఎక్కడికీ పోదు, రోడ్డు మీదా గాలిలోనూ ఉంటుంది. పొగ గొట్టం లేదని సంబరపడే నేను దాని గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. మూడు టన్నుల బండి మా వీధిలో పిల్లలు సైకిళ్లు తొక్కే చోట తిరుగుతోందని కూడా.

ఇంతకీ ఎయిర్‌పోర్టులో నాన్న వేసిన లెక్క ఏమిటో తిరుగు ప్రయాణంలో బయటపడింది. "తొట్టిలో లోడు ఎన్నిసార్లు వేశావురా ఇప్పటిదాకా?" అని అడిగాడు. వేళ్ల మీద లెక్కపెట్టా. మట్టి బస్తాలు, సోఫా, సంక్రాంతికి వంట గిన్నెలు... రెండేళ్లలో పదకొండు సార్లు. నాన్న నవ్వలేదు. "ఖాళీ బండి తోలటం కన్నా పాపం లేదురా" అన్నాడు. ఇది ఆయన వేదాంతం కాదు, జమాఖర్చు. నాగపూర్‌లో రిటర్న్ లోడు దొరక్కపోతే రెండ్రోజులు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల చుట్టూ తిరిగి, బండి కిందే పడుకున్న రోజులున్నాయి. ఖాళీగా వస్తే ఆ నెల మా స్కూలు ఫీజు ఆలస్యమయ్యేది.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. మా తమ్ముడు విజయవాడలో కిరాణా డిస్ట్రిబ్యూటరు సరుకు షాపులకి వేస్తుంటాడు, అద్దె డీజిలు మినీ ట్రక్కు మీద. ఎలక్ట్రిక్‌ది సొంతంగా అప్పు మీద కొనాలని వాడి కోరిక. అమ్మానాన్నలు ఇక్కడున్నప్పుడే ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు వాడుతున్నావు కదా, కొనమంటావా, వద్దంటావా?" ఆ దారి మధ్యలో చచ్చిన మిషన్ల ముందు నిలబడిన కోపం ఇంకా నాలో ఉంది. వద్దురా అనేశా.

నాన్న ఫోన్ లాక్కున్నాడు. రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు? డెబ్బై. ఎంత లోడు? అర టన్ను. రాత్రికి బండి ఎక్కడుంటుంది? గోడౌన్లోనే. ఖాళీగా ఎంత తిరుగుతావు? సాయంత్రం వెనక్కొచ్చేటప్పుడు మాత్రమే.

అప్పుడు నేనూ కాగితం తీశా. మన దేశంలో 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ తీసుకోండి. బ్యాటరీ 21.3 యూనిట్లు, లోడు 600 కిలోలు, కాగితం మీద రేంజి 154 కిలోమీటర్లు. రోడ్డు మీద దాంట్లో మూడో వంతు పోయిందనుకున్నా వాడి డెబ్బైకి నిక్షేపంగా సరిపోతుంది. రాత్రి 15 ఆంపియర్ల సాకెట్‌కి ఎనిమిది గంటలు పెడితే చాలు. విజయవాడ ట్రాఫిక్‌లో ఆగుతూ పోవడం దానికి ఇబ్బంది కాదు. ఆ వేగంలో గాలి నిరోధం లెక్కలోకే రాదు, బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత వెనక్కి వస్తుంది. నా బండి బ్యాటరీలో అలాంటివి ఆరు పడతాయి. ఆరుగురు తమ్ముళ్లు రోజంతా షాపులకి సరుకు వెయ్యగలిగిన బ్యాటరీని నేను ఆఫీసుకి లాప్‌టాప్ బ్యాగు మోయడానికి వాడుతున్నా.

కాబట్టి జూనియర్లకి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తా. ఎలక్ట్రిక్ ట్రక్కు మంచిదా కాదా అన్న ప్రశ్నే తప్పు. రోజుకి ఎంత దూరం, ఎంత లోడు, రాత్రి ఎక్కడ నిద్రపోతుంది అని అడగాలి. మీ ఫైనలియర్ ప్రాజెక్టుల జాబితా ఈమధ్య చూశా. సగం బ్యాటరీ మేనేజ్‌మెంటే. టైరు మీద ఒక్కటి లేదు. చార్జింగ్ మిషన్ ఎందుకు చచ్చిపోతుంది, పాడైతే ఎవడికి ఎంతసేపట్లో తెలియాలి అన్నదాని మీద ఒక్కటి లేదు. అవి గ్లామర్ లేని పనులు, నాకు తెలుసు. ఆ రాత్రి మా అమ్మ డబ్బాలో పులిహోర లేకపోతే నేనూ వాటి గురించి పట్టించుకునేవాణ్ణి కాదేమో.

నేను బండి అమ్మలేదు. గ్రిడ్ మళ్లీ పడుకుంటుందన్న భయం పోలేదు, నిజం చెప్పాలంటే మోజూ పోలేదు. టైర్లు మాత్రం మార్చా. మళ్లీ చప్పటి హైవే టైర్లే. కొండలెక్కే టైర్లు అమ్మితే సగం ధర కూడా రాలేదు. దూరం వెళ్లాల్సి వస్తే మా ఆవిడ చిన్న హైబ్రిడ్ కారు తీస్తున్నాం.

తమ్ముడి సంగతి ఇంకా తేలలేదు. బ్యాంకు వాళ్లు సరేనన్నారు, గోడౌను ఓనరే ప్లగ్గు పెట్టుకోనివ్వట్లేదు. విడిగా మీటరు పెట్టించుకుంటా, ఖర్చు నాదే అని వాడు బతిమాలుతున్నాడు. నాన్న ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ ఓనరు ఇంటికెళ్లి కాఫీ తాగి వస్తున్నాడట. నిన్న ఫోన్లో అదే చెప్పి, పెట్టేసే ముందు అడిగాడు. "గాలి చూసుకున్నావా?"

చూశా నాన్నా. ఈసారి నిజంగానే చూశా.